కరాటే వచ్చు కదా నీకు

మా అమ్మ లెక్కలో నేను నేర్చుకున్నది కరాటే. ఐదేళ్లుగా చెప్తూనే ఉన్నాను, కరాటే కాదమ్మా, తైక్వాండో అని. "ఏదో ఒకటి తియ్, తన్నుడే కదా" అంటుంది. హనుమకొండలో మా వాడకట్టు మొత్తానిదీ అదే మాట. మా చిన్నప్పుడు ఎక్కడ చూసినా గోడ మీద బ్రూస్‌లీ బొమ్మ, దాని కింద కరాటే స్కూల్ అని పెయింటు. ఆయన హాంకాంగ్‌లో నేర్చుకున్నది వింగ్ చున్ అని చెప్తే వినేదెవరు? 'తమ్ముడు'లోనూ, 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి'లోనూ ఉన్నది కిక్‌బాక్సింగ్. మా తమ్ముడు దాన్నీ కరాటే అనే అనేవాడు.

ఆఫీసులోనూ అంతే. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లకి నన్ను పరిచయం చేసేటప్పుడు ఎవరో ఒకరు "జాగ్రత్త, కరాటే బ్లాక్ బెల్ట్" అంటారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ నవ్వు నాకు ఎప్పుడు కష్టమైందో చెప్దామనే ఇది మొదలుపెట్టాను. కానీ అక్కడికి వెళ్లేముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర, టోల్ ప్లాజా పక్కన జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ అమ్మాయికి తర్వాత 'దిశ' అని పేరు పెట్టారు. సరిగ్గా రెండ్రోజులకి, 29న, హైటెక్ సిటీ నుంచి రాయదుర్గం దాకా మెట్రో మొదలైంది. మేం నెలల తరబడి ఎదురుచూసిన స్టేషన్ అది. ఆ రోజు మా పీజీలో మెట్రో మాట ఎత్తినవాళ్లు లేరు. అందరూ ఫోన్లలో పెప్పర్ స్ప్రే వెతుకుతున్నారు. అంతకు ఆరేళ్ల ముందు, 2013లో, మాదాపూర్‌లో క్యాబ్ అనుకుని కారెక్కిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి కేసు వచ్చినప్పుడు నేను ఇంజనీరింగ్‌లో ఉన్నాను. పోలీసులు 'అభయ' అన్నారు ఆ కేసుని. మరుసటి ఏడాది అక్టోబర్‌లో షీ టీమ్స్ వచ్చాయి. ఆ తర్వాత షీ షటిల్ బస్సులు కూడా వచ్చాయి. ఇవన్నీ వచ్చాకే నేను ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చాను. అయినా ఆ నవంబర్‌లో మా గది తలుపుకి రెండో గడియ పెట్టించుకున్నాం.

2020 జనవరిలో కొండాపూర్‌లో, బొటానికల్ గార్డెన్‌కి కాస్త ఇవతల, ఒక టిఫిన్ సెంటర్ పైన మూడో అంతస్తులో ఉన్న అకాడమీలో చేరాను. పొద్దున ఆరింటికి పెద్దవాళ్ల బ్యాచ్. పెద్దవాళ్లంటే ఏడుగురం. సాయంత్రం బ్యాచ్‌లో మాత్రం గేటెడ్ కమ్యూనిటీల పిల్లలు డెబ్భై మంది. అద్దె వాళ్ల ఫీజులతోనే వెళ్తుందని మాస్టర్ ఏ దాపరికం లేకుండా చెప్పేవాడు.

నన్ను మొదట ఇబ్బంది పెట్టింది తన్నడం కాదు, అరవడం. దెబ్బ వేసేటప్పుడు పొట్టలోంచి ఒక అరుపు రావాలి. కిహాప్ అంటారు దాన్ని. నాకు రాదు. ఇంట్లో ఇరవై ఏళ్లు "మెల్లగ మాట్లాడు బిడ్డా, పక్కింటోళ్లు వింటరు" అని పెంచారు. ఆఫీసులో మ్యూట్ బటన్ చూసుకుంటూ బతుకుతాం. నా గొంతులోంచి "ఏ..." అని ఒక చిన్న శబ్దం వచ్చేది, ఎవరినో పిలుస్తున్నట్టు. మాస్టర్ నవ్వకుండా "పొట్టలోంచి" అనేవాడు. రెండు నెలలు కాగానే లాక్‌డౌన్ వచ్చింది. ఆ తర్వాత ఏడాదంతా జూమ్‌లో, మంచానికీ బీరువాకీ మధ్య ఆరడుగుల జాగాలో తన్నాను. పీజీలో అరిస్తే కింది గదివాళ్లు కొడతారు కాబట్టి ఆ ఏడాది కిహాప్ కూడా మ్యూట్‌లోనే.

అకాడమీ కరపత్రంలో '2000 ఏళ్ల ప్రాచీన కొరియా యుద్ధవిద్య' అని ఉండేది. నిజానికి తైక్వాండో అనే పేరు పుట్టింది 1955లో. ఆ పేరు ప్రతిపాదించినవాడిగా చెప్పుకునే జనరల్ చోయ్ హోంగ్ హీ, కొరియా జపాన్ పాలనలో ఉన్నప్పుడు జపాన్ వెళ్లి చదువుకుని, అక్కడ కరాటే నేర్చుకున్న మనిషి. అంటే మా అమ్మ మాటలో ఎంతో కొంత న్యాయం ఉందన్నమాట. చోయ్ 1966లో ఒక అంతర్జాతీయ సమాఖ్య పెట్టాడు. తర్వాత దక్షిణ కొరియా ప్రభుత్వంతో చెడి 1972లో కెనడా వెళ్లిపోయాడు. 1973లో సియోల్‌లో ఇంకో సమాఖ్య పుట్టింది. ఇవాళ ఒలింపిక్స్‌లో మనం చూసేది ఈ రెండో వాళ్లది. సైనికులకి నేర్పిన విద్య 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడ అయ్యింది, 2000లో సిడ్నీలో పతకాల క్రీడ అయ్యింది.

క్రీడ కావాలంటే రూల్స్ కావాలి. ఆ రూల్స్ చదువుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. నడుము కింద తన్నకూడదు. మొహం మీద గుద్దకూడదు. పట్టుకోకూడదు. పడిపోకూడదు, తన్నబోయి పడ్డా సరే ఎదుటివాళ్లకి పాయింట్ పోతుంది. రాత్రిపూట ఒంటరిగా చిక్కిన ఆడపిల్లకి ఏవేవి చెయ్యమని చెప్తామో, అవన్నీ ఇక్కడ ఫౌల్స్. ఇక్కడ పాయింట్లు వేరే. ఛాతీ కవచం మీద గుద్దితే 1, తన్నితే 2, తల మీద తన్నితే 3, గిర్రున తిరిగి తల మీద తన్నితే 5. 2012 లండన్ నుంచి ఒలింపిక్స్‌లో కవచంలోనే సెన్సార్లు వచ్చాయి, 2016 రియోకి తల కవచంలో కూడా. తగిలిందా లేదా అన్నది అంపైర్ కన్ను కాదు, కాలి మేజోటికీ కవచానికీ మధ్య నడిచే సిగ్నల్ చెప్తుంది. నేను టెస్టింగ్‌లో పనిచేస్తాను కాబట్టి ఇది నాకు వెంటనే అర్థమైంది. దేన్ని కొలుస్తారో ఆటగాళ్లు దానికే ఆడతారు. అందుకే ఇప్పుడు పెద్ద పోటీల్లో ఇద్దరూ ఒక్కో కాలు గాల్లో పెట్టుకుని, కత్తులతో పొడుచుకున్నట్టు పాదాలతో పొడుచుకుంటూ ఉంటారు. పాతకాలపు మాస్టర్లకి అది చూస్తే ఒళ్లు మంట.

నాకు మాత్రం ఆ ఆట ఇష్టమే. ఎగతాళి చేసే ఉద్దేశం లేదు. 2002 బూసాన్ ఆసియా క్రీడల్లో సురేంద్ర భండారి కాంస్యం తెచ్చాడు. టోక్యో పారాలింపిక్స్‌లో అరుణా తన్వర్ ఆడింది. ఎవరూ చూడని ఆటలో అది చిన్న విషయం కాదు. మా అకాడమీకి ఆదివారాలు మియాపూర్ అవతల నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చేవాళ్లు. మాస్టర్ వాళ్ల దగ్గర ఫీజు తీసుకునేవాడు కాదు. స్పోర్ట్స్ కోటాకి పనికొచ్చే సర్టిఫికెట్ ఒక్కటి వస్తే వాళ్ల జీవితం మారుతుంది. ఆ పిల్లల దగ్గరకెళ్లి ఇది వీధిలో పనికిరాదు అంటే, వాళ్లు వీధి గురించి కాదు, పోలీస్ ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నాం అంటారు.

ఆత్మరక్షణ కూడా సిలబస్‌లో ఉంది. వారానికి పది నిమిషాలు. ఎదుటివాడు వచ్చి మణికట్టు పట్టుకుంటాడు. నేను మణికట్టు తిప్పి, అడుగు వెనక్కి వేసి, మోచేత్తో కొట్టినట్టు చూపించేదాకా బుద్ధిగా నిలబడతాడు. తర్వాత ఇద్దరం వంగి నమస్కారం చేసుకుంటాం. నా జోడీగా వచ్చేది ఒక బ్యాంకు ఆఫీసర్. "గట్టిగా పట్టుకున్నానా మేడమ్?" అని అడిగేవాడు పాపం.

2023 డిసెంబర్‌లో బ్లాక్ బెల్ట్ టెస్ట్ పాసయ్యాను. పూమ్సే, స్పారింగ్, ఆఖర్న చెక్క పలకలు పగలగొట్టడం. మొదటి దాన్. నాన్నకి ఫోన్ చేస్తే "మంచిది బిడ్డా, ఉద్యోగంల ఏమన్న కలుస్తదా?" అన్నాడు.

సర్టిఫికెట్ల లోకం గురించి నాకు తెలిసింది ఆ తర్వాతే. బెల్టు అకాడమీ ఇస్తుంది. ఏదో ఒక అసోసియేషన్ రంగురంగుల కాగితం ఇస్తుంది. కానీ ప్రపంచమంతా చెల్లేది సియోల్‌లో, గంగ్నమ్‌లో, 1972లో కట్టిన కుక్కివాన్ ఇచ్చే దాన్ సర్టిఫికెట్. మాస్టర్ సిఫారసు చేస్తే అక్కడ నమోదవుతుంది, నంబర్ వస్తుంది, ఆ నంబర్ కొట్టి వాళ్ల సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. పదిహేనేళ్లు నిండనివాళ్లకి దాన్ ఉండదు, పూమ్ అంటారు. మా సాయంత్రం బ్యాచ్‌లో తొమ్మిదేళ్ల పిల్లలకి నల్ల బెల్టు కట్టి కేకు కోయించేటప్పుడు ఈ సంగతి తల్లిదండ్రులకి ఎవరూ చెప్పేవారు కాదు. నా దగ్గర పద్దెనిమిది వేలు తీసుకున్నారు. అందులో కొరియాకి వెళ్లింది చిన్న భాగమేనని తర్వాత తెలిసింది. తెలిసి మాత్రం ఏం చేస్తాం, కార్డు వచ్చినప్పుడు సంతోషంగానే ఉంది. ఇంటిపేరు ముందు, నా పేరు తర్వాత, పాస్‌పోర్టులో లాగా.

ఆ సంతోషం కొంచెం తగ్గింది ఒక వార్త వల్ల. 2021 నవంబర్‌లో డొనాల్డ్ ట్రంప్‌కి కుక్కివాన్ గౌరవ 9వ దాన్ ఇచ్చింది. మామూలు మనిషి మొదటి దాన్ నుంచి తొమ్మిదికి ఎక్కాలంటే 30 ఏళ్లకు పైనే పడుతుంది. పుతిన్‌కి 2013లో ప్రపంచ సమాఖ్య ఇలాంటిదే ఇచ్చి, ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక 2022 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకుంది. నల్ల బెల్టుకి మొదట ఇంత బరువు లేదు. 1880లలో జపాన్‌లో జూడో పెట్టిన కానో జిగొరో, ఎవరు ఎంతదాకా వచ్చారో తెలియడానికి మొదలుపెట్టిన గుర్తు అది. మొదటి దాన్ అంటే మొదటి మెట్టు అనే అర్థం. అక్షరాలు దిద్దడం అయింది, ఇక చదవడం మొదలుపెట్టు అన్నట్టు. హైదరాబాద్‌లో మనం దాన్ని పీహెచ్‌డీ అనుకుంటాం.

ఇప్పుడు టెస్టుకి మూడు వారాల ముందు సంగతి.

ఒక ప్రాజెక్ట్ పూర్తయిందని జూబ్లీహిల్స్‌లో టీమ్ డిన్నర్. పదిన్నరకి క్యాబ్‌లు బుక్ చేశారు. నేను కొత్తగూడ, మా మేనేజర్ ఇంకా ముందుకెళ్లాలి, ఒకే క్యాబ్. నాలుగేళ్లుగా తెలిసిన మనిషి. వాళ్లావిడ నాకు రెండుసార్లు పులిహోర పంపింది. నా రేటింగ్ ఇచ్చేది ఆయనే. కేబుల్ బ్రిడ్జి మీద లైట్లు చూస్తూ నా టెస్ట్ గురించి అడిగాడు. పలకలు ఎంత మందం, ఏ కాలుతో తంతారు అని. చెప్పాను. "ఈ కాలేనా?" అని నా మోకాలి మీద చెయ్యి వేశాడు. వేసి, తియ్యలేదు.

కరాటే వచ్చు కదా నాకు.

ఆ కాలు కదల్లేదు. కాలు సరే, వెనక సీట్లో, సీటు బెల్టులో, చుడీదార్‌లో, ఒళ్లో లాప్‌టాప్ బ్యాగుతో ఏ తన్నూ రాదు, తైక్వాండోకి కాలు చాచేంత దూరం కావాలి. నన్ను ఇప్పటికీ తినేది గొంతు. గొంతు కూడా రాలేదు. ముందు అద్దంలో డ్రైవర్ కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఇనార్బిట్ దాటాం. చెయ్యి కొంచెం పైకి జరిగింది. నేను బ్యాగుని ఒళ్లోంచి తీసి మా ఇద్దరి మధ్య పెట్టాను. అంతే, నేను చేసిన యుద్ధం. చెయ్యి వెనక్కి పోయింది. ఆయన క్రికెట్ గురించి మాట్లాడాడు. కొత్తగూడలో దిగి "థాంక్స్, గుడ్ నైట్" అన్నాను. అవును, థాంక్స్ కూడా చెప్పాను.

ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో ఇంటర్నల్ కమిటీ ఉంటుంది, 2013 చట్టం ప్రకారం మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ప్రతి ఏడాదీ ఆ ట్రైనింగ్ వీడియో చూసి క్విజ్‌లో నూటికి నూరు తెచ్చుకునేదాన్నే. ఆ మూడు నెలల్లోనే పలకలు పగిలాయి, బెల్టు వచ్చింది, ఆఫీసు గ్రూపులో ఫోటో పెడితే ఆయన చప్పట్ల ఎమోజీ పెట్టాడు. ఫిబ్రవరి వెళ్లిపోయింది. నేను రాయలేదు. వేసవిలో ఆయన వేరే కంపెనీకి మారాడు, వీడ్కోలు కేకు నేనూ తిన్నాను.

మాస్టర్‌కి మాత్రం చెప్పాను, అదీ ఏడాది తర్వాత. ఆయన చాలాసేపు ఊరుకున్నాడు. "నీకు నేర్పింది రింగులో నిలబడ్డం. ఇది నేర్పలేదు. నాకూ రాదు" అన్నాడు. ఆ మాటకి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. వేరే మాస్టర్ అయితే మోచేతి దెబ్బ ఇంకొకటి చూపించేవాడు.

ఇంతకీ ఇది నేర్పగలిగే విద్యేనా అని వెతికాను. దొరికినవాటిలో ఒకటి నా మనసులో ఉండిపోయింది. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కెనడా ప్రొఫెసర్ షార్లీన్ సెన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. మూడు యూనివర్సిటీల్లో దాదాపు 900 మంది మొదటి సంవత్సరం అమ్మాయిలు. సగం మందికి మామూలుగా ఇచ్చే కరపత్రాలు ఇచ్చారు. మిగతా సగం మందికి 12 గంటల శిక్షణ. ఏడాది తర్వాత చూస్తే, అత్యాచారానికి గురైనవాళ్లు కరపత్రాల గుంపులో 9.8 శాతం, శిక్షణ గుంపులో 5.2 శాతం. ఆ 12 గంటల్లో దెబ్బలు కొంత భాగమే. మిగతాదంతా తెలిసిన మనిషి హద్దు దాటుతున్నప్పుడు ముందే గుర్తుపట్టడం, మొహమాటం అనేది మన నోరు ఎలా నొక్కుతుందో చూసుకోవడం, నోటితో కాదనడం. మన దగ్గర ఎన్‌సీఆర్‌బీ లెక్కలు తీసినా ఏటా 90 శాతానికి పైగా అత్యాచారం కేసుల్లో నిందితుడు తెలిసినవాడే. ఐదేళ్లు నేను చీకట్లో వచ్చే ఎవరో ముక్కూమొహం తెలియనివాడి కోసం తయారయ్యాను. అలాంటివాళ్లు లేరని కాదు, శంషాబాద్ అబద్ధం కాదు. కానీ నా దగ్గరికి వచ్చినవాడు పులిహోర ఇంటివాడు.

పోయిన మార్చి 8కి మా హెచ్ఆర్ వాళ్లు నన్ను పిలిచారు. ప్రతి ఏడాదీ గులాబీ, కప్‌కేక్ ఇస్తున్నాం, ఈసారి కొంచెం అర్థవంతంగా చేద్దాం, మన బ్లాక్ బెల్ట్ మనకుండగా బయటివాళ్లెందుకు అన్నారు. నలభై అయిదు నిమిషాలు. యూనిఫామ్, బెల్టు వేసుకురండి, ఫోటోలకి బాగుంటుంది. స్లైడ్లు కూడా వాళ్లే చేశారు. ఒకదాంట్లో భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లు, ఆత్మరక్షణ హక్కు. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చెయ్యకూడదని అందులోనే ఉంది. ఆ రాత్రి నాకు అవసరమైంది ఎంత? రెండు మాటలు.

వేసుకెళ్లాను బెల్టు. నలభై మంది దాకా అమ్మాయిలు. ముందు మెడలో ఐడీ కార్డు తాళ్లు తీయించాను, ఎవరైనా పట్టి లాగడానికి అంతకంటే సులువైంది లేదు కాబట్టి. మణికట్టు విడిపించుకోవడం చూపించాను. ప్యాడ్ మీద ఒక తన్ను తన్నాను, పెద్ద శబ్దం వచ్చింది, చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీశారు. అప్పుడు వెనక వరుసలోంచి ఒకమ్మాయి, ఈమధ్యే క్యాంపస్ నుంచి వచ్చిన పిల్ల, చెయ్యెత్తింది. "అక్కా, మీకు ఎప్పుడైనా ఇది పనికొచ్చిందా?"

ఐదేళ్లలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అడిగినవాళ్లందరూ "మిమ్మల్ని చూస్తే భయమేస్తుంది" అని వాళ్లే జవాబు కూడా చెప్పేసేవాళ్లు.

"ఒకసారి అవసరం పడింది. పనికి రాలేదు" అన్నాను. హెచ్ఆర్ అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తింది. పేర్లు, ఊర్లు లేకుండా క్యాబ్ సంగతి చెప్పాను. బ్యాగు సంగతి చెప్పాను. మూడు నెలల సంగతి కూడా చెప్పాను. ముందు వరుసలో ఒకావిడ, నాకంటే పదేళ్లు పెద్ద, చేతిలో ఐడీ కార్డు తాడుని వేలికి చుట్టుకుంటూ కింద చూస్తోంది.

తర్వాత స్లైడ్లు ఆపేశాం. జంటలుగా నిలబెట్టాను. ఒకరు ఎదుటివాళ్ల భుజం మీద చెయ్యి వెయ్యాలి. ఎదుటివాళ్లు "చెయ్యి తియ్" అనాలి. నవ్వకుండా, సారీ అనకుండా, ప్లీజ్ అనకుండా. ఎవరికీ రాలేదు. "కొంచెం చెయ్యి తీస్తారా" అని వచ్చింది, "అబ్బా తియ్యవే" అని వచ్చింది, నవ్వు వచ్చింది. నలుగురైదుగురు ఇంగ్లీషులోకి మారారు, అందులో మర్యాద ఇంకా ఎక్కువైపోయింది. నేను మాస్టర్‌లా "పొట్టలోంచి" అన్నాను. పది నిమిషాలకి ఎవరో ఒకరికి వచ్చింది, ఎవరో చూడలేదు. అది విన్నాక పక్కవాళ్లకి, వాళ్ల పక్కవాళ్లకి. వేలికి తాడు చుట్టుకున్నావిడకి అందరికంటే ఆలస్యంగా వచ్చింది. వచ్చాక ఆవిడ ఆపలేదు.

తలుపు తట్టారు. పక్క గదిలో క్లయింట్ కాల్ నడుస్తోందట, కొంచెం మెల్లగా అరవమని.

ఇంకా పన్నెండు నిమిషాలు మిగిలున్నాయి. మెట్లు దిగి రెండో బేస్‌మెంట్‌కి వెళ్లాం. అక్కడ పార్కింగ్‌లో డ్రైవర్లు భోజనం చేస్తుంటే, వాళ్లని అడిగి, ఆ చివర ఖాళీగా ఉన్న స్తంభాల మధ్య నిలబడ్డాం.